గాలి తెర

మేఘములు లేని రాత్రి ఆకాశమువంక చూచినచో, చుక్కలు మినుకుమినుకుమనుచు కన్నుల పండువు చేయును. ఆ మినుకులను కవులు ఎన్నియో విధముల వర్ణించిరి. పసిబిడ్డలు వానిని చూచి కేరింతలు కొట్టుదురు. కాని ఖగోళశాస్త్రజ్ఞునకు మాత్రము ఆ మినుకు ముచ్చటైనది కాదు. అది ఆతని పనికి గొప్ప విఘ్నము. నిజమునకు నక్షత్రము మినుకుమనుట లేదు, నిలుకడగనే వెలుగుచున్నది. దాని కాంతి ఏండ్ల తరబడి శూన్యమున నడచి, చెక్కుచెదరక భూమిని సమీపించును. తుదకు వాతావరణమును దాటుటకు దానికి పట్టు కాలము సెకనులో వేయవ వంతైనను లేదు. ఆ రవంత కాలములోనే గాలి దానిని చెదరగొట్టుచున్నది. వేల యోజనములు నడచివచ్చిన బాటసారి తన ఇంటి గడపయొద్ద తొట్రుపడినట్లున్నది దాని స్థితి.

దూరదర్శిని చేయు పని రెండు విధములు. మొదటిది, కంటికందని మసక వెలుగును ప్రోగుచేయుట. రెండవది, దగ్గఱదగ్గఱగా నున్న వస్తువులను వేఱువేఱుగా చూపుట. ఈ రెండవ గుణమునే చిత్రము యొక్క స్పష్టత యందురు. దర్పణము ఎంత పెద్దదైన అంత ఎక్కువ వెలుగు ప్రోగగును. ఇందు సందేహము లేదు. కాని స్పష్టత కూడ అట్లే పెరుగునా? ఈ ప్రశ్న సులభముగా తోచినను, దీని సమాధానమునకై శాస్త్రజ్ఞులు రెండున్నర శతాబ్దములకు పైగా శ్రమింపవలసి వచ్చెను.

ఆకాశమున దూరములను కోణములతో కొలుతురు. ఒక డిగ్రీని 60 కళలుగను, ఒక కళను 60 వికళలుగను విభజింతురు. పూర్ణచంద్రుని వెడల్పు సుమారు అర డిగ్రీ, అనగా 1,800 వికళలు. మంచి చూపు గల కన్ను ఒక కళ ఎడముతో నున్న రెండు బిందువులను వేఱుగా గుర్తింపగలదు. వికళ అంతకంటె ఎంతయో చిన్నది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నాణెమును 5 కిలోమీటర్ల దూరమున నిలిపినచో, అది కంటియొద్ద చేయు కోణము సుమారు ఒక వికళ. ఖగోళశాస్త్రజ్ఞుల కొలతలు అనేకము ఇట్టి వికళలతోను, వికళలోని భాగములతోను కూడియుండును.

స్పష్టతకు మొదటి హద్దును కాంతియే విధించుచున్నది. కాంతి తరంగరూపమున ప్రయాణము చేయును. చెఱువులోని అలలు రెండు రాళ్ల నడుమనున్న సందులో దూరి వచ్చునప్పుడు తిన్నగా పోక, ఇరుప్రక్కలకు కొంత వ్యాపించును. సందు ఎంత ఇఱుకైన వ్యాప్తి అంత ఎక్కువ. కాంతితరంగములును దూరదర్శిని ముఖద్వారమున ఇట్లే వ్యాపించును. దీనినే వివర్తనము అందురు. అందువలన ఎంత నిర్దోషమైన దూరదర్శినిలోనైనను నక్షత్రము బిందువువలె కనబడదు. చుట్టును సన్నని వలయములు గల చిన్న బిళ్లవలె కనబడును. ఇంగ్లండు దేశీయుడగు జార్జి ఎయిరీ 1835లో ఈ బిళ్ల పరిమాణమును గణితముచే నిర్ణయించెను. దర్పణపు వెడల్పు పెరిగినకొలది బిళ్ల చిన్నదగును. పది సెంటీమీటర్ల వెడల్పు గల దూరదర్శిని సుమారు 1.4 వికళల ఎడమున నున్న జంట నక్షత్రములను విడదీసి చూపగలదు. ఒక మీటరు దర్పణము 0.14 వికళల ఎడమును, ఐదు మీటర్ల దర్పణము సుమారు 0.03 వికళల ఎడమును చూపవలయును.

ఇది గణితము చెప్పిన మాట. అనుభవము మఱొక విధముగా నుండెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున పాలోమార్ పర్వతముపై 1948లో హేల్ దూరదర్శినిని ప్రతిష్ఠించిరి. దాని దర్పణపు వెడల్పు 5 మీటర్లు దాటినది. పది సెంటీమీటర్ల దూరదర్శినికంటె అది 2,500 రెట్లకు పైగా వెలుగును ప్రోగుచేయును. అందుచే ఎంతో దూరమున నున్న మసక నక్షత్రసముదాయములను అది చూపగలిగెను. లెక్క ప్రకారము దాని స్పష్టత కూడ 50 రెట్లు కావలయును. కాని సామాన్యమైన రాత్రులయందు దానిలో నక్షత్రచిత్రము ఒకటి రెండు వికళల మేర చెదరిన మచ్చగా కనబడుచుండెను. వెలుగు విషయమున అది ఏనుగు. స్పష్టత విషయమున విద్యార్థి చేతిలోని చిన్న దూరదర్శినితో సమానము. పర్వతమంత యంత్రమును కట్టినను, పై గాలి దాని చూపును కట్టివేసెను.

గాలి ఇంత పని ఎట్లు చేయగలదు? వేసవి మధ్యాహ్నమున తారురోడ్డుపై దూరముగా చూచినచో, ఎదుటి చెట్లును బండ్లును నీటిలో నున్నట్లు కదలాడుచు కానవచ్చును. మండుచున్న పొయ్యి కావలనున్న గోడయు అట్లే వణకుచున్నట్లు తోచును. వేడిగాలి పలుచన, చల్లగాలి చిక్కన. కాంతి ఒకదానినుండి మఱొకదానిలోనికి పోవునప్పుడు కొంచెము వంగును. దీనిని వక్రీభవనము అందురు. భూమిపై గాలి ఎన్నడును ఒకే వేడితో నుండదు. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచుచుండును. మీదినుండి చల్లనిగాలి దిగుచుండును. వేఱువేఱు వేగములతో వీచు గాలిపొరలు ఒకదానితో నొకటి ఒరయుచు సుడులు తిరుగుచుండును. ఈ సుడులలో వేడిమి భేదము చాల స్వల్పము. అయినను దాని ఫలితము స్వల్పము కాదు.

ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి మాఱినచో, గాలి వక్రీభవన గుణకము పది లక్షలలో సుమారు ఒక వంతు మాత్రమే మాఱును. ఇది లెక్కింపదగినదా యని ఎవరికైన తోచవచ్చును. కాని కాంతితరంగపు పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. ఒక మీటరు దూరము మాత్రము ఇట్టి గాలిలో నడచినచో, తరంగము తన తోడి తరంగముకంటె సుమారు రెండు తరంగముల పొడవు వెనుకబడును లేక ముందుపడును. బారులు తీర్చి నడచు సైనికులలో కొందఱు ఇసుకనేలపైనను, కొందఱు గట్టినేలపైనను నడచినచో వరుస చెడిపోవునట్లు, కాంతితరంగపు ముఖము గాలిలో ముడుతలు పడును. ముడుతలు పడిన తరంగమును ఎంత చక్కని దర్పణమును ఒక్కచోటికి చేర్పజాలదు.

ఈ ముడుతల పరిమాణమును డేవిడ్ ఫ్రీడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1966లో చక్కగా లెక్కగట్టెను. కంటికి కనబడు కాంతికి, మంచి ప్రదేశములలో సైతము, తరంగము సుమారు 10 మొదలు 20 సెంటీమీటర్ల మేరకే నునుపుగా నుండును. దూరదర్శిని అంతకంటె చిన్నదైనచో, చిత్రము ముక్కలు గాక ఇటునటు నాట్యమాడును. పెద్దదైనచో, దానిపై అనేకములైన ముడుతలు ఒక్కసారిగా పడి, చిత్రము వందల కొలది చుక్కలుగా పగులును. ఈ చుక్కల కూర్పు సెకనులో నూఱవ వంతు కాలములోనే మాఱిపోవుచుండును. కొన్ని సెకనులపాటు తీసిన ఛాయాచిత్రములో అవన్నియు కలసిపోయి ఒక మచ్చ మాత్రమే మిగులును. మన కన్ను చిన్నది గనుక దానికి ఈ మార్పులు మినుకుగా తోచును. గ్రహములు అంతగా మినుకుమనకుండుటకు కారణమును ఇందే కలదు. గ్రహము చిన్న బిళ్లవలె నుండును గనుక, దాని వేఱువేఱు భాగములనుండి వచ్చు కాంతి వేఱువేఱు దారుల నడచి, ఒకదాని లోపమును మఱొకటి పూరించును.

గాలి చేయు ఈ కీడును న్యూటను మహాశయుడు ముందుగనే గ్రహించెను. 1704లో ప్రకటించిన ‘ఆప్టిక్స్’ అను గ్రంథమున, దూరదర్శినులను ఎంత నేర్పుతో చేసినను గాలి వణకును తొలగింపజాలమనియు, ఎత్తైన పర్వత శిఖరములపై నుండు ప్రశాంతమైన గాలియే దీనికి మందనియు ఆయన సూచించెను. ఆ సూచన కార్యరూపము దాల్చుటకు నూటయేబది ఏండ్లు పట్టెను. 1856లో చార్లెస్ పియాజీ స్మిత్ అను స్కాట్లండు రాజఖగోళజ్ఞుడు అట్లాంటికు సముద్రములోని టెనరీఫ్ ద్వీపమునకు దూరదర్శినులను కొనిపోయి, అచ్చటి పర్వతముపై వాని నిలిపి, ఎత్తున చిత్రములు మేలుగా నుండునని నిరూపించెను. 1888లో కాలిఫోర్నియాలోని హామిల్టన్ పర్వతముపై లిక్ వేధశాల పని ప్రారంభించెను. నాటినుండి వేధశాలలు నగరములను వీడి కొండలెక్కసాగెను.

అస్పష్టమైన చిత్రము మానవుని ఎంత దూరము మోసగింపగలదో అంగారక గ్రహపు కాలువల కథ వలన తెలియును. అంగారకుడు భూమికి మిక్కిలి దగ్గఱగా వచ్చినప్పుడును సుమారు 25 వికళల వెడల్పు మాత్రమే కనబడును. గాలి ఒక వికళమేర చిత్రమును చెదరగొట్టినచో, ఆ గ్రహము అడ్డముగా పాతిక మచ్చల పాటి చిత్రము మాత్రమే. 1877లో ఇటలీ దేశీయుడగు స్కియాపరెల్లీ దానిపై సన్నని గీతలను చూచితినని ప్రకటించెను. 1894లో పెర్సివల్ లోవెల్ అను అమెరికా ధనికుడు అరిజోనాలో ప్రత్యేకముగా వేధశాలను కట్టించి, ఆ గీతలు బుద్ధిమంతులగు అంగారకవాసులు నీటికొఱకు త్రవ్వుకొనిన కాలువలని గ్రంథములు వ్రాసెను. లోకము విస్మయముతో వినెను. కాని 1909లో ఆంటోనియాడి యను ఖగోళజ్ఞుడు ఫ్రాన్సులోని మెడాన్ వేధశాలయందు 83 సెంటీమీటర్ల దూరదర్శినితో, గాలి మిక్కిలి నిశ్చలముగా నున్న వేళ ఆ గ్రహమును చూచెను. గీతలు మాయమై, వాని స్థానమున క్రమము లేని చిన్నచిన్న మచ్చలు కానవచ్చెను. విడివిడిగా నున్న మచ్చలను మసకలో చూచిన కన్ను, వానిని గీతలుగా కలిపివేసినది. 1965లో మారినర్-4 అను వ్యోమనౌక అంగారకుని ప్రక్కగా పోవుచు పంపిన చిత్రములలో గుంటలు కనబడెను గాని కాలువలు కనబడలేదు. లోవెల్ అసత్యమాడలేదు. తన చూపు హద్దును ఆయన గుర్తింపలేదు.

కొండ యెక్కినంతమాత్రమున పని ముగియదు. ఎత్తుతోపాటు గాలి పొరలు పొరలుగా, సుడులు లేక ప్రవహింపవలయును. సముద్రముమీదుగా నునుపుగా వీచు గాలి తాకు శిఖరములు ఇందుకు శ్రేష్ఠములు. హవాయి ద్వీపమున 4,200 మీటర్ల ఎత్తు గల మౌనకియా శిఖరమును, దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున 2,635 మీటర్ల ఎత్తు గల పరనాల్ శిఖరమును ఇట్టివి. మంచి రాత్రులయందు అచ్చటి చిత్రములు సుమారు అర వికళకు తగ్గును. వేధశాలలోని వేడియు శత్రువే. పగలు కాగిన దర్పణము రాత్రి చల్లాఱుచు తనపై గాలిని కదలించును. కావున గోపురములకు వెండివలె మెఱయు పూతనో తెల్లని రంగునో వేయుదురు. పగటివేళనే లోపలి గాలిని చల్లబఱతురు. రాత్రి కిటికీలు తెఱచి గాలి ఆడనిత్తురు. ఇది గాక భూభ్రమణము వలన ఆకాశము సెకనుకు 15 వికళల చొప్పున కదలుచుండును. ఆ కదలికను యంత్రము తప్పక అనుసరింపకున్నచో, తక్కిన జాగ్రత్తలన్నియు వ్యర్థములగును.

మన దేశమునందును ఇట్టి ప్రయత్నములు జరిగినవి. వైణు బప్పు అను ఖగోళజ్ఞుడు హైదరాబాదున పెరిగెను. ఆయన తండ్రి అచ్చటి నిజామియా వేధశాలలో పనిచేసెను. కుమారుడు చిన్ననాటనే ఆ వేధశాల దూరదర్శినులతో పరిచయము సంపాదించి, నిజాము కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్య నభ్యసించి, స్వదేశమునకు తిరిగివచ్చెను. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను చోటును ఎన్నుకొని, అచ్చట వేధశాలను స్థాపించెను. 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో అచ్చటి పని ఆరంభమయ్యెను. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని ఆయన మరణానంతరము 1986లో ప్రారంభింపబడి, ఆయన పేరనే వెలయుచున్నది. పిమ్మట లడఖ్ ప్రాంతమున 4,500 మీటర్ల ఎత్తుననున్న హాన్లేయందు 2 మీటర్ల హిమాలయ చంద్ర దూరదర్శిని నెలకొల్పబడి, 2000లో తొలిసారి ఆకాశమును చూచెను. అచ్చట ఊపిరి తీయుటయే కష్టము. కావున శాస్త్రజ్ఞులు బెంగుళూరు సమీపమునగల హోసకోటెలో కూర్చుండి, ఉపగ్రహము ద్వారా ఆ యంత్రమును నడపుదురు.

గాలిని తప్పించుకొనుటకు సంపూర్ణమైన ఉపాయము ఒకటి కలదు. అది గాలిని దాటి పైకి పోవుట. 1990లో హబుల్ దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి. దాని దర్పణము 2.4 మీటర్లదే. కాని పంపిన పిదప దాని చిత్రములు మసకగా నుండెను. దర్పణపు అంచు మిల్లీమీటరులో సుమారు అయిదువందలవ వంతు ఎక్కువగా అరగదీయబడినదని తేలెను. 1993లో వ్యోమగాములు పైకి పోయి సరిచేయు పరికరములను అమర్చిరి. అటుపై దాని చిత్రములు లోకమును ముగ్ధము చేసినవి. గాలి లేనిచోట సైతము పనితనములోని రవంత లోపము స్పష్టతను హరించునని ఇందువలన తెలియుచున్నది. అంతరిక్షయానమునకు వ్యయము అపారము. మిక్కిలి పెద్ద దర్పణములను పైకి పంపుటయు దుష్కరము.

మఱి నేలపైనుండియే గాలి దోషమును సవరింపలేమా? 1953లో హొరేస్ బాబ్‌కాక్ అను అమెరికా ఖగోళజ్ఞుడు ఒక వింత ఆలోచన చేసెను. గాలి తరంగమును ఎట్లు ముడుతలు పెట్టుచున్నదో క్షణక్షణమును కొలిచి, ఆ ముడుతలకు సరిగా విరుద్ధముగా ఒక దర్పణతలమును వంచినచో, తరంగము మరల నునుపగునని ఆయన భావము. ఆనాటి యంత్రములకు అంత వేగము లేదు. 1970లో ఫ్రాన్సు దేశీయుడగు ఆంత్వాన్ లబేరీ అతిస్వల్పకాలపు ఛాయాచిత్రములను అనేకముగా తీసి, వానిలోని చుక్కల కూర్పునుండి గణితముచే సూక్ష్మవివరములను రాబట్టు పద్ధతిని కనుగొనెను. గణనయంత్రములు వేగమందిన పిమ్మట, 1989లో ఫ్రాన్సు దేశమున బాబ్‌కాక్ ఆలోచన దూరదర్శినియందు సఫలమయ్యెను. నేడు పెద్ద వేధశాలలలో ఇట్టి వంగెడు దర్పణములు సెకనుకు వందలసార్లు, వేయిసార్లు తమ ఆకారమును మార్చుకొనుచుండును. కొలుచుటకు సమీపమున ప్రకాశవంతమగు నక్షత్రము లేనిచో, లేజరు కిరణమును పైకి పంపి, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తుననున్న సోడియము అణువులను వెలిగించి, కృత్రిమ నక్షత్రమునే సృష్టింతురు.

ఈ శ్రమకు ఫలము ఏమి? పాలపుంత నడిమి భాగమున నక్షత్రములు మిక్కిలి కిక్కిఱిసి యుండును. పూర్వపు చిత్రములలో అవి యొక్క ముద్దగా కనబడుచుండెను. జర్మనీ శాస్త్రజ్ఞుడగు రైన్‌హార్డ్ గెంజెల్ బృందమును, అమెరికా శాస్త్రజ్ఞురాలగు ఆండ్రియా ఘెజ్ బృందమును వేఱువేఱుగా, 1990ల మొదలుకొని ఏండ్ల తరబడి పరారుణకాంతిలో ఆ చోటును పరిశీలించిరి. గాలి తెర తొలగినకొలది ఆ నక్షత్రములు విడివిడిగా కనబడెను. వానిలో ఒకటి, కంటికి కనబడని ఒక కేంద్రముచుట్టు సుమారు 16 ఏండ్లకు ఒకమాఱు తిరుగుచున్నదని తేలెను. ఆ కేంద్రమున సుమారు 40 లక్షల సూర్యుల బరువు అతిస్వల్పమగు చోటునందు ఇమిడియున్నదని లెక్కలు చెప్పినవి. అది మహత్తరమగు కృష్ణబిలము. ఈ పరిశోధనకు ఆ ఇరువురును 2020లో నోబెల్ బహుమానమున భాగము పొందిరి.

గాలి పూర్తిగా లొంగిపోయినదని అనరాదు. ఈ సవరణ ఆకాశమున చిన్న భాగమునకే చక్కగా వర్తించును. పరారుణకాంతిలో సులభము, కంటికి కనబడు కాంతిలో కష్టము. చిలీలోని అర్మజోనెస్ కొండపై 39 మీటర్ల దర్పణము గల దూరదర్శిని నిర్మింపబడుచున్నది. దానికి కొఱతలు తీర్చుటకై, 5,000కు పైగా చిన్న యంత్రములు వెనుకనుండి నెట్టుచు వంచు దర్పణమును అమర్చుచున్నారు.

పరికరము పెద్దదైనంతమాత్రమున చూపు స్పష్టము కాదు. చూపునకు అడ్డమైన దానిని తెలిసికొనుట, దానిని కొలుచుట, కొలిచినదానిని సవరించుట, ఈ మూడును కావలయును. తన చూపునకు హద్దు ఎచ్చట గలదో ఎఱిగినవాడే ఆ హద్దును కొంతదూరము ముందునకు జరుపగలడు. ఎఱుగనివాడు మసకలోనే కాలువలను చూచును.